ఆరేళ్ళ తర్వాత నా శాటర్న్ 5: 1/144 ప్లాస్టిక్ కిట్ సమీక్ష

మనుషులను చంద్రుడి దాకా చేర్చిన శాటర్న్ 5 రాకెట్ నమూనాను 2018 వానాకాలంలో మొదలుపెట్టి, అపొలో 11 ప్రయోగానికి యాభై ఏళ్ళు నిండే 2019 జూలై 16 నాటికి అద్దాల బీరువాలో నిలబెట్టి తీరాలన్న పట్టుదలతో ఆ ఏడు మార్చిలో పూర్తి చేశాను. పెట్టె విప్పిన రోజునే రాసిన సమీక్షలు చాలా దొరుకుతాయి. వాటిలో భాగాల లెక్క, ప్లాస్టిక్ మందం, డెకాల్స్ (నమూనా మీద అతికించే అక్షరాల, గుర్తుల పలచని పొరలు) ముద్రణ గురించి ఉంటుంది గాని, రంగు ఆరిన తర్వాత ఆరు వేసవులు, ఆరు వానాకాలాలు గడిచాక ఆ నమూనా ఏ స్థితిలో ఉంటుందో ఉండదు. నేను ఉండేది విశాఖపట్నంలో, సముద్రపు గాలి తగిలే ఇంట్లో. ఇక్కడి తేమలో నిలిచిన పని ఏదో, నిలవని పని ఏదో ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

ముందు కొలతల సంగతి. అసలు రాకెట్ ఎత్తు 110.6 మీటర్లు, 1/144 నిష్పత్తిలో అది దాదాపు 77 సెంటీమీటర్లు అవుతుంది. మొదటి దశ, అంటే అడుగున ఉండే భాగం, వ్యాసం 10 మీటర్లు కనుక నమూనాలో 7 సెంటీమీటర్లు. మూడవ దశ వ్యాసం 6.6 మీటర్లు కనుక నాలుగున్నర సెంటీమీటర్ల పైచిలుకు. నా కిట్‌లోని గొట్టాలను వెర్నియర్‌తో కొలిచి చూస్తే ఈ ముఖ్యమైన కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆకారం సరిగా ఉన్న కిట్‌లో మిగతా లోపాలను దిద్దుకోవచ్చు, ఆకారమే తప్పితే చేయగలిగేది లేదు. ఈ ఒక్క కారణంతోనే, కింద రాసిన తప్పులన్నీ తెలిసిన తర్వాత కూడా, ఈ కిట్ కొనదగినదనే నా అభిప్రాయం.

అయితే సూచనల కాగితాన్ని మాత్రం నమ్మకూడదు. రంగుల విషయంలో అసలే నమ్మకూడదు.

శాటర్న్ 5 మీద కనిపించే నలుపు తెలుపు గళ్ళు అందం కోసం వేసినవి కావు. రాకెట్ పైకి లేచేటప్పుడు తన నిలువు అక్షం చుట్టూ ఎంత తిరుగుతున్నదో కెమెరాలలో స్పష్టంగా కనిపించడానికి వేసిన గుర్తులు అవి. మా కిట్ సూచనలలో మొదటి దశ మధ్యలో, అంటే పైనున్న ద్రవ ఆక్సిజన్ ట్యాంకుకూ కిందనున్న కిరోసిన్ ట్యాంకుకూ నడుమనున్న భాగంలో కూడా, నల్లని గళ్ళు వేయమని ఉంది. ఆ నల్లగళ్ళు నిజంగా ఉన్నది ఎన్నడూ ఎగరని రాకెట్ మీద. దాని పేరు ఎస్‌ఏ-500ఎఫ్. ప్రయోగవేదికనూ, ఇంధనం నింపే ఏర్పాట్లనూ సరిచూసుకోవడానికి చేసిన ఆ రాకెట్‌ను 1966 మే 25న కెన్నెడీ అంతరిక్ష కేంద్రంలోని కూర్పు భవనం నుంచి బయటికి తెచ్చారు; చంద్రుడి మీదికి మనిషిని పంపుతామని కెన్నెడీ అమెరికా కాంగ్రెస్ ముందు ప్రకటించి ఆ రోజుకు సరిగ్గా ఐదేళ్ళు. ఎండలో ఆ నల్లరంగు లోపలి వేడిని పెంచుతున్నదని తేలడంతో, ఎగిరిన రాకెట్లలో ఆ నడిమి భాగాన్ని తెల్లగానే ఉంచారు. కిట్ల అచ్చులు తయారయ్యే నాటికి చేతికి అందిన ఫోటోలు 500ఎఫ్‌వే కనుక ఆ పొరపాటు బొమ్మలలో నిలిచిపోయింది. కిట్ చేయబోయేవారు ముందుగా నాసా విడుదల చేసిన అపొలో 11 ఫోటోలను పక్కన పెట్టుకుని, మొదటి దశ మధ్యభాగం తెల్లగా ఉన్నదని కళ్ళతో చూసి, ఆ తర్వాతే మాస్కింగ్ టేపు చేతబట్టాలి. నేను మొదట సూచనల ప్రకారమే నలుపు వేసి, పది రోజుల తర్వాత తప్పు తెలుసుకుని, ఆ నలుపు మీద తెలుపు ఎక్కించాను. నలుపును పూర్తిగా మరుగుపరచడానికి నాలుగు పూతలు పట్టింది. ఆ మందం కింద నిలువు గాళ్ళ పదును కొంత పోయింది. పక్కనుంచి దీపం వెలుగు పడినప్పుడు ఆ తేడా ఇప్పటికీ కనిపిస్తుంది.

గాళ్ళ గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ నమూనాలో సగం శ్రమ అక్కడే ఉంది. అసలు రాకెట్ మొదటి దశలో ట్యాంకుల గోడలు నునుపుగా ఉంటాయి. ట్యాంకుల నడిమి భాగమూ, పై అంచూ, ఇంజన్ల భారం మోసే అడుగు భాగమూ మాత్రం బలం కోసం నిలువు గాళ్ళతో ఉంటాయి. కిట్‌లో ప్రతి దశా నిలువుగా చీల్చిన రెండు సగాలుగా వస్తుంది. వాటిని అతికించిన గీత సరిగ్గా ఈ గాళ్ళ గుండానే పోతుంది. గీతను ఉప్పుకాగితంతో రుద్దితే దాని పక్కనున్న రెండు మూడు గాళ్ళు అరిగిపోతాయి. రుద్దకుండా వదిలేస్తే తెల్లరంగు మీద ఆ గీత పైనుంచి కింద దాకా మచ్చలా కనిపిస్తుంది. నేను చేసిన పద్ధతి ఇది. కరిగించే ద్రవపు జిగురును ధారాళంగా పట్టించి, రెండు సగాలను గట్టిగా అదిమి, అతుకు వెంట కరిగిన ప్లాస్టిక్ సన్నని పూసలా పైకి తేలేటట్టు చేసి, రబ్బరు బ్యాండ్లు వేసి వారం రోజులు ముట్టుకోకుండా ఉంచాను. ఆ పూస గట్టిపడిన తర్వాత 400, 800, 1200 నంబరు ఉప్పుకాగితాలతో తడిపి రుద్దితే లప్పం అవసరం చాలావరకు తప్పింది. అరిగిన గాళ్ళ స్థానంలో, భాగాలు తీసేసిన స్ప్రూను, అంటే కిట్‌లో వాటిని పట్టి ఉంచే ప్లాస్టిక్ కమ్మీని, కొవ్వొత్తి మంట మీద వేడిచేసి దారంలా సాగదీసి, ఆ దారాలను ఒక్కొక్కటిగా అతికించాను. రెండు వారాల సాయంత్రాలు దీనికే సరిపోయాయి. ఇప్పుడు బీరువాలో చూసేవారికి అతుకు ఎక్కడుందో వేలు పెట్టి చూపించినా కనిపించదు. ఆరేళ్ళలో ఆ దారాలలో ఒక్కటి కూడా ఊడలేదు.

లప్పం వాడిన ఒకే ఒక చోట, రెండవ దశ అతుకు కింది కొసన, మూడో ఏట వెంట్రుకవాసి పగులు వచ్చింది. ఆ చోట లప్పాన్ని ఒకేసారి మందంగా పెట్టి తొందరపడ్డాను. పలచగా రెండు మూడు విడతలుగా పెట్టి ఉంటే రాదని నా నమ్మకం.

రంగు వేయడానికి కాలం చూసుకోవాలి. ఆగస్టులో గాలిలో తేమ నిండుగా ఉన్న రోజున స్ప్రే డబ్బాతో లాకర్ (వేగంగా ఆరే ద్రావకపు రంగు) నలుపు కొట్టాను; పావుగంటలో దాని మీద పాలమీగడ లాంటి తెల్లని పొర కమ్మింది. ద్రావకం వేగంగా ఆవిరవుతూ పూతను చల్లబరచడంతో గాలిలోని తేమ దాని మీద చేరడమే దీనికి కారణం. ఆ భాగాలను మళ్ళీ రుద్ది, జనవరి చివర్లో ఎండ బాగా ఎక్కిన తర్వాత, పదకొండు గంటల వేళ స్ప్రే చేస్తే అదే రంగు అద్దంలా వచ్చింది. తీరప్రాంతంలో ఉండేవారు జూన్ నుంచి నవంబరు దాకా అతికే పని, రుద్దే పని చేసుకుని, స్ప్రే పనిని చలికాలానికి ఉంచుకోవడం మేలు. గాళ్ళ మీద మాస్కింగ్ టేపు వేసినప్పుడు నలుపు టేపు కిందికి పాకకుండా ఉండాలంటే, టేపు అంచును పళ్ళపుల్లతో ప్రతి గాడిలోకి నొక్కి, ముందు ఆ అంచు మీద మరొక పలుచని తెల్లపూత వేయాలి. పాకేది ఏదైనా ఉంటే ఆ తెలుపే పాకి, సందులను మూసేస్తుంది. దాని మీద వేసిన నలుపు గీత కత్తితో కోసినంత తిన్నగా వస్తుంది.

ఇంజన్ల విషయంలో కిట్ ఒక విధంగా న్యాయంగానే ఉంది, మరొక విధంగా తప్పుదారి పట్టిస్తుంది. మొదటి దశ అడుగున ఐదు ఎఫ్-1 ఇంజన్లు ఉంటాయి. ఐదూ కలిసి 75 లక్షల పౌన్ల తోపుడు బలం ఇచ్చేవి. మంట వెలువడే ఒక్కో నాజిల్ మూతి వ్యాసం 3.7 మీటర్లు, నమూనాలో రెండున్నర సెంటీమీటర్లు. కిట్‌లో వాటి గొట్టాలు, కట్లు చాలా చక్కగా పోతపోశారు. కాని అసలు రాకెట్ ఎగిరినప్పుడు ఆ గొట్టాలేవీ బయటికి కనిపించవు. ఐదు ఇంజన్ల మంట ఒకదాని మీదికొకటి వెనక్కి కొట్టే వేడి నుంచి కాపాడటానికి ప్రతి ఇంజనుకూ వెండిరంగు రేకు దుప్పటిలాంటి కవచం చుట్టేవారు. హ్యూస్టన్‌లో, హంట్స్‌విల్‌లో ప్రదర్శనకు ఉంచిన రాకెట్లకు ఆ కవచం లేకపోవడంతో, వాటి ఫోటోలు చూసి చేసే నమూనాలన్నీ గొట్టాలు కనబడే ఇంజన్లతోనే తయారవుతున్నాయి. నేను వంటింటి అల్యూమినియం రేకును నలిపి, మళ్ళీ సాపుచేసి, పలచని జిగురుతో ఇంజన్ల మీద అద్దాను. ఈ మెరుగులో నాకు ఎంతో సంతృప్తి ఉంది, కాని ఆరేళ్ళలో ఎక్కువగా చెడినది కూడా ఇదే. జిగురు తేమకు లొంగిపోయి రెండు ఇంజన్ల మీద రేకు అంచులు లేచాయి. కిందటేడు ఆ రేకు తీసివేసి, తెల్లని చెక్కజిగురుకు బదులు రెండు ట్యూబుల ఎపాక్సీతో మళ్ళీ అతికించాను; ఇప్పటివరకు కదల్లేదు.

కొసన ఉన్న అపొలో నౌక ఈ కిట్‌లో అన్నిటికంటే బలహీనమైన భాగం. ప్రయోగ సమయంలో వ్యోమగాములు కూర్చునే కమాండ్ మాడ్యూల్ మీద తెల్లని రక్షణ తొడుగు ఉంటుంది; కిట్‌లో ఆ తొడుగు లేదు, సూచనలు కమాండ్ మాడ్యూల్‌కు వెండిరంగు వేయమంటాయి. 27 మిల్లీమీటర్ల ఆ చిన్న శంకువు మీద పలచని ప్లాస్టిక్ షీటు తొడిగి తెల్లరంగు వేస్తే సరిపోతుంది. కింది సర్వీస్ మాడ్యూల్‌కు వెండిరంగే సరైనది, దాని మీది వేడి వెదజల్లే పలకలు మాత్రం తెల్లగా ఉండాలి. ప్రమాదం వస్తే కమాండ్ మాడ్యూల్‌ను లాగి తప్పించే, పైనున్న ఎస్కేప్ టవర్ కాళ్ళు ప్లాస్టిక్‌లో అగ్గిపుల్లల్లా లావుగా ఉన్నాయి. అర మిల్లీమీటరు ఇత్తడి తీగతో కొత్తగా కట్టుకున్నాను. అలా కట్టుకోవడం వలన మరొక లాభం కూడా కలిగింది. దుమ్ము దులిపేటప్పుడు ఆ టవరుకు రెండుసార్లు గుడ్డ తగిలింది. ఇత్తడి వంగింది గాని విరగలేదు.

దశలను విడదీసి చూపించే వీలు ఈ కిట్‌లో ఉంది. పిల్లలు వచ్చినప్పుడు అదే ముఖ్యమైన ఆకర్షణ. కాని లోపలి అంచుల మీద పడిన రంగు మందం వలన బిగుతు పెరిగి, విడదీసిన ప్రతిసారీ తెల్లరంగు వలయంలా గీసుకుపోయింది. రంగు వేయడానికి ముందే లోపలి అంచులకు టేపు వేసి ఉంటే ఈ నష్టం ఉండేది కాదు. దశలు ఏ దిక్కుకు కూర్చోవాలో చూపే గాడి కూడా లేదు. బయటి తీగల సొరంగాలు (రాకెట్ వెంట నిలువుగా పోయే తీగల మీది తొడుగులు) ఫోటోలలో ఉన్న వరుసలోకి రావడానికి నేను లోపలి వైపు చిన్న పెన్సిల్ గుర్తులు పెట్టుకున్నాను.

డెకాల్స్ బాగా నిలిచాయి. మెరుపు వార్నిష్ మీద వేసి, మెత్తబరిచే ద్రవం పూయడంతో ఎర్రని 'యునైటెడ్ స్టేట్స్' అక్షరాలు ఇప్పటికీ రంగు వేసినట్టే ఉన్నాయి. చెడినది వాటి మీది చివరి పూత. నూనె ఆధారిత వార్నిష్ వాడాను, అది పసుపెక్కింది. విచిత్రంగా కిటికీ వెలుగు పడే వైపు కంటే బీరువా గోడ వైపునున్న చీకటి పక్కనే పసుపు ఎక్కువ. అలాంటి వార్నిష్‌లు చీకట్లోనే ఎక్కువ పసుపెక్కుతాయని ఆ తర్వాత తెలుసుకున్నాను. తెల్లని రాకెట్‌కు నీటి ఆధారిత యాక్రిలిక్ వార్నిష్ తప్ప మరొకటి వాడవద్దని ఖచ్చితంగా చెబుతాను.

కిట్‌తో వచ్చిన ప్లాస్టిక్ పీటను వాడలేదు. దాని మీద నిలబెడితే రాకెట్ భారమంతా నాజిళ్ళ మీద పడుతుంది. ప్రయోగవేదిక మీద అసలు రాకెట్‌ను అడుగు అంచు దగ్గర నాలుగు చేతులు పట్టి ఉంచేవి. అదే పద్ధతిలో టేకు పీట మీద నాలుగు ఇత్తడి కమ్మీలు నిలిపి, మొదటి దశ లోపల కొన్ని ఇనుప నట్లు వేసి బరువు పెంచాను. సీలింగ్ ఫ్యాను గాలికి కూడా కదలదు. బీరువా మాత్రం వడ్రంగి చేత ప్రత్యేకంగా చేయించుకోవలసి వచ్చింది. పీటతో కలిపి 85 సెంటీమీటర్ల అర దొరికే పుస్తకాల బీరువా నాకు ఎక్కడా కనిపించలేదు.

ఆ బీరువాలో పక్కన మరొక చిన్న రాకెట్ ఉంది. 2019 జూలై 22న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-2ను తీసుకెళ్ళిన జీఎస్‌ఎల్‌వీ మార్క్ 3ని, ఆ నెలలోనే, ఇదే 1/144 నిష్పత్తిలో కాగితపు గొట్టాలతో చేశాను. దాదాపు 43 మీటర్ల ఆ రాకెట్ నమూనాలో 30 సెంటీమీటర్లు వచ్చింది. అంటే శాటర్న్ 5 మొదటి దశ ఒక్కటి ఎంత ఎత్తో ఇంచుమించు అంత. రెంటి మధ్యా 12 మిల్లీమీటర్ల మనిషి బొమ్మ ఒకటి పెట్టాను. చూడటానికి వచ్చినవారు ముందు ఆ మనిషిని వెతికి, ఆ తర్వాత తల పైకెత్తి శాటర్న్ కొసను చూస్తారు.

మొదటిసారి ప్లాస్టిక్ కిట్ పట్టేవారికి నేను దీన్ని సిఫారసు చేయను. చిన్న విమానం ఒకటి రెండు చేసి, అతుకు రుద్దడం, టేపు వేయడం చేతికి వచ్చాక మొదలుపెట్టాలి. అలా వచ్చినవారు ఆరేడు నెలలు కేటాయించుకోవాలి. అదే కిట్‌ను నేను రెండోసారి కొన్నాను. మూడు దశల అతుకులూ పూర్తయ్యాయి, స్ప్రూ దారాలు సగం వరకు అతికించాను, లోపలి అంచులకు ఈసారి ముందుగానే టేపు వేశాను. తెలుపు పూత జనవరిలో వేస్తాను.