మహమ్మారి రోజుల్లో గుబులు పట్టుకుంటే ఎవరికి చెప్పుకోవడం మేలు: ఇంట్లోవాళ్లకా, హెల్ప్‌లైన్‌కా, డాక్టరుకా?

కొవిడ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న మహమ్మారిగా ప్రకటించింది. ఆ తొలి ఏడాదిలోనే ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, కుంగుబాటు సుమారు 25 శాతం పెరిగాయని అదే సంస్థ 2022 మార్చిలో తెలిపింది. కర్నూలు వాసులకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. 2020 ఏప్రిల్‌లో రాష్ట్రంలో అత్యధిక కేసులు కర్నూలు జిల్లాలోనే నమోదయ్యాయి. వీధి మొదట్లో కట్టెలు అడ్డం కట్టి రెడ్‌జోన్ అని బోర్డు తగిలించిన పేటల్లో జబ్బు సోకనివాళ్లు కూడా రాత్రిళ్లు కంటి మీద కునుకు లేకుండా గడిపారు. జ్వరం వస్తే ఎక్కడికి పోవాలో అందరికీ తెలుసు గాని, గుండె దడదడలాడి నిద్ర పట్టకపోతే ఎవరికి చెప్పుకోవాలో చాలా ఇళ్లలో తెలియలేదు. ఇంట్లోవాళ్లకు చెప్పుకోవడం, ఫోన్‌లో సలహాదారుతో మాట్లాడడం, మానసిక వైద్యుణ్ణి కలవడం అనే మూడు దారులు మన ముందున్నాయి. మళ్లీ అలాంటి రోజులు వస్తే వీటిలో దేన్ని ఎప్పుడు ఎంచుకోవాలో ముందే ఆలోచించి పెట్టుకోవడం అవసరమని నా అభిప్రాయం.

ముందుగా ఇంటి సంగతి. గుబులు పడ్డ మనిషికి అందరికంటే ముందు అందుబాటులో ఉండేది ఇంట్లోవాళ్లే. ఖర్చు లేదు, ప్రయాణం లేదు, తన బాధను కొత్తగా పరిచయం చేసుకోవలసిన పని లేదు. ఉమ్మడి కుటుంబాలు తగ్గినా, రాయలసీమ పల్లెల్లో సాయంత్రం అరుగు మీద నలుగురు కూర్చుని మాట్లాడుకోవడం ఇంకా పూర్తిగా పోలేదు. ఆ మాటలే చాలామందిని కాపాడాయి. అయితే ఇంట్లో సాధారణంగా వినిపించేది ఒకే మాట: "ఏమీ గాదులే, ధైర్యంగా ఉండు." ప్రేమతో చెప్పే ఈ మాట అరగంట పనిచేస్తుంది. తర్వాత భయం మళ్లీ తలెత్తుతుంది, మనిషి మళ్లీ అడుగుతాడు, ఇంట్లోవాళ్లు మళ్లీ అదే చెబుతారు; నాలుగోసారికి వాళ్లకు విసుగు వస్తుంది, ఇతనికి సిగ్గు వేస్తుంది, ఆ రోజుతో చెప్పుకోవడమే మానేస్తాడు. ధైర్యం చెప్పడానికి బదులు "ఏం జరుగుతుందని భయపడుతున్నావు? ఎప్పటి నుంచి?" అని అడిగి, జవాబు పూర్తయ్యే దాకా అడ్డు రాకుండా వింటే ఎక్కువ మేలు జరుగుతుంది. పేరు పెట్టి చెప్పుకున్న భయం పేరులేని భయం కంటే తేలికగా ఉంటుంది.

ఇంటి దారికి ఇంకో పెద్ద అడ్డంకి ఉంది. అదేమిటంటే, అందరూ ఒకరి కోసం ఒకరు దాచిపెట్టడం. కడప జిల్లా పల్లెల నుంచి ఎందరో కువైట్‌కు పనికి వెళ్లారు. 2020లో విమానాలు ఆగిపోయి అక్కడే చిక్కుకున్నారు. ఇక్కడి తల్లి తన ఆయాసం గురించి కూతురికి చెప్పలేదు, అక్కడి కూతురు తన జీతం ఆగిన సంగతి తల్లికి చెప్పలేదు. రోజూ ఫోన్ మాట్లాడుకుంటూనే, "మేము బాగుండాం, నువ్వు జాగ్రత్త" అని ఇద్దరూ ఒకరినొకరు నమ్మించుకున్నారు. కోసిగి, ఆదోని ప్రాంతాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్లి లాక్‌డౌన్‌లో ఇరుక్కున్న కూలీల కుటుంబాల్లోనూ ఇదే తీరు. భయానికి కారణమే ఇంటివాళ్ల క్షేమం అయినప్పుడు దాన్ని ఇంటివాళ్లతోనే చెప్పుకోవడం కష్టం. అలాంటప్పుడు బయటి చెవి కావాలి.

అయితే ఇల్లు మాత్రమే చేయగలిగిన పని ఒకటుంది: రోజుకు ఒక క్రమం ఏర్పరచడం. వేళకు తిండి, వేళకు నిద్ర, ఎండ పడే చోట కాసేపు నడక, చేతికి ఏదో ఒక పని. ధర్మవరంలో మగ్గాలు ఆగినప్పుడు నేతగాళ్లు పోగొట్టుకున్నది కూలి ఒక్కటే కాదు, పొద్దున లేవగానే కూర్చోవలసిన చోటు కూడా. ఈ క్రమంలోకే వార్తల విషయం కూడా వస్తుంది. పగలంతా టీవీ పెట్టుకుని కింద పరుగెత్తే అంకెలను చూస్తూ ఉండడం గుబులును పెంచుతుందే గాని తగ్గించదు. అలాగని వార్తలు బొత్తిగా మానేస్తే ఆ ఖాళీని వాట్సాప్ పుకార్లు నింపుతాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ప్రభుత్వ ప్రకటనో, నమ్మకమైన పత్రికో చూసి, పడుకునే ముందు మాత్రం ఫోన్ పక్కన పెట్టడం ఈ రెండింటి కంటే మంచిది. ఈ నియమాన్ని ఒంటరిగా పాటించడం కష్టం. ఇంటిల్లిపాదీ పాటిస్తే సులభం.

ఇప్పుడు హెల్ప్‌లైన్. లాక్‌డౌన్ మొదలైన కొత్తల్లోనే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 080-46110007 నంబరు పనిచేసింది. 2020 సెప్టెంబరులో కేంద్రం కిరణ్ పేరుతో మరొకటి తెచ్చింది. ఆ అనుభవం మీదనే 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినాన, టెలి మానస్ ప్రారంభమైంది. దాని నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మొదట శిక్షణ పొందిన సలహాదారు మాట్లాడతారు. అవసరమని తోస్తే మానసిక వైద్య నిపుణులకు, దగ్గరలోని ఆసుపత్రికి దారి చూపుతారు.

అవతలి మనిషి మన బంధువు కాకపోవడం ఈ దారికున్న పెద్ద బలం. "అత్తగారికి జబ్బు వస్తే నేనే చూసుకోవాలి, నాకు అంటుకుంటే నా పిల్లలేమవుతారు" అన్న మాటను ఒక కోడలు ఇంట్లో అనలేదు. ముక్కూమొహం తెలియని మనిషితో అనగలదు. అర్ధరాత్రి రెండు గంటలకు, అందరూ నిద్రపోయాక, దడ మొదలైన వేళకు అందేది కూడా ఇదొక్కటే. మరి బలహీనత? రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉన్నప్పుడు చాటుగా మాట్లాడే చోటు దొరకదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ భర్త జేబులోనో, పిల్లల ఆన్‌లైన్ క్లాసులోనో ఉంటుంది. మిద్దె మీదికి వెళ్లో, చేను గట్టు దాకా నడిచో మాట్లాడిన ఆడవాళ్లు ఉన్నారు గాని, అందరికీ ఆ వీలుండదు. పైగా ఒక్క ఫోనుతో తేలిపోతుందని ఆశపడి, తేలకపోయేసరికి "ఇదీ ఇంతే" అని వదిలేసేవాళ్లు ఎక్కువ. నిద్ర ఎన్నాళ్లుగా లేదు, తిండి సహిస్తోందా, పనికి పోగలుగుతున్నారా అన్న మూడు సంగతులు ముందే అనుకుని చెబితే, సలహాదారు త్వరగా విషయంలోకి రాగలుగుతారు. మళ్లీ చేయవలసి వచ్చినా సంకోచించకూడదు.

మూడోది డాక్టరు. కర్నూలు సర్వజనాసుపత్రిలో, అనంతపురం ప్రభుత్వాసుపత్రిలో, కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి; అనంతపురం వాళ్లు రెండు వందల పైచిలుకు కిలోమీటర్లు ప్రయాణించి బెంగళూరు నిమ్హాన్స్‌కు కూడా వెళుతుంటారు. ఉన్నా, వెళ్లేవాళ్లు తక్కువ. మానసిక సమస్యలున్నవారిలో చికిత్స అందనివారు సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నారని 2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వే తేల్చింది. దీనికి దూరం ఒక కారణమైతే, "పిచ్చి డాక్టరు దగ్గరికి పోయినాడు" అని ఊరంతా అనుకుంటుందన్న భయం అంతకంటే పెద్ద కారణం. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది. ఈ సంగతి తెలిస్తే కొందరైనా ముందడుగు వేస్తారు. మహమ్మారి కాలంలో ఆసుపత్రి గడప తొక్కడమే భయం కాబట్టి, డాక్టరు ఫోన్‌లోనే రోగిని పరిశీలించి మందు రాయడానికి కేంద్రం 2020 మార్చి 25న టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసింది. మందు రాయడంలో పరిమితులు ఉన్నా, తర్వాతి సందర్శనలకు అది బాగా పనికివచ్చింది.

డాక్టరు మాత్రమే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. గుండె దడ, చెమట, వణుకు థైరాయిడ్ వల్ల కావచ్చు, రక్తహీనత వల్ల కావచ్చు, గుండె జబ్బే కావచ్చు. ఇవేవీ కావని తేల్చడం ఇంటివాళ్ల వల్లా కాదు, ఫోన్ వల్లా కాదు. ఆందోళనకు మామూలుగా రాసే మందులు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. వారం వాడి "గుణం కనపడలే" అని మానేయకూడదు. ఇక మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్ర మాత్రల గురించి గట్టిగా చెప్పాలి. ఆల్‌ప్రాజొలామ్ వంటి మాత్రలు ఆ రాత్రికి ఉపశమనం ఇస్తాయి గాని, చీటీ లేకుండా వారాల తరబడి వాడితే అలవాటుగా మారతాయి. హఠాత్తుగా మానితే మొదటి గుబులు కంటే తీవ్రమైన గుబులు వస్తుంది. అమ్మేవాడు తెలిసినవాడే కదా అని తెచ్చుకోవడం నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించే అలవాటు.

దారి ఎంచుకోవడంలో తికమక ఎక్కువగా వచ్చేది ఊపిరి విషయంలో. రెండో అల సమయంలో అనంతపురంలో మా పక్కింటి అబ్బాయి రాత్రి లేచి కూర్చుని, ఊపిరి ఆడడం లేదంటూ, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సిమీటరును వేలికి పెట్టుకునేవాడు. 98 చూపేది. నమ్మకం కుదరక ఇంకో వేలికి, తర్వాత ఎడమ చేతికి, తర్వాత తండ్రి వేలికి పెట్టి పోల్చి చూసేవాడు. "97కు దిగింది నాయనా" అని గాబరాపడేవాడు. 98కీ 97కీ తేడా లేదని తండ్రి ఎంత చెప్పినా వినలేదు. ఇలాంటప్పుడు ఒంట్లో జరిగేది ఇది: భయంతో మనిషి వేగంగా, పైపైన ఊపిరి తీస్తాడు, రక్తంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) తగ్గిపోయి వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కుతాయి, కళ్లు తిరుగుతాయి, దాన్ని జబ్బు ముదరడంగా భావించి ఇంకా వేగంగా ఊపిరి తీస్తాడు. ఊపిరి తీసేటప్పుడు నాలుగు అంకెలు, వదిలేటప్పుడు ఆరు అంకెలు నెమ్మదిగా లెక్కపెడుతూ పది నిమిషాలు కూర్చుంటే ఇది చాలావరకు దిగుతుంది. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని తాము కూడా అలాగే ఊపిరి తీస్తే మరీ మంచిది. అయితే వేళ్లు వెచ్చగా, గోళ్లరంగు లేకుండా చూసినప్పుడు అంకె 94 కంటే తగ్గినా, నాలుగడుగులు నడిస్తే ఆ అంకె పడిపోయినా, ఛాతీలో నొప్పి ఉన్నా అది గుబులని సరిపెట్టుకోకూడదు. వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఆక్సిమీటరు చూసే వేళలు రోజుకు మూడో నాలుగో నిర్ణయించుకుని, పరికరాన్ని మిగతా సమయంలో వేరేవాళ్ల దగ్గర ఉంచడం కూడా పనిచేస్తుంది. మా పక్కింటివాళ్లు చివరికి దాన్ని జేజి పెట్టెలో పెట్టి తాళం వేశారు. ఆ అబ్బాయి మొదటి రెండు రాత్రులు గొడవ చేసినా తర్వాత నిద్రపోయాడు.

ఇంకొక సందర్భంలోనూ పొరపాటు జరిగింది. 2020 మార్చి చివర మూతపడిన మద్యం దుకాణాలు మే 4న గాని తెరుచుకోలేదు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానవలసి వచ్చి, రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, లేనివి కనబడడం మొదలైతే, ఇంట్లోవాళ్లు దాన్ని కరోనా భయం అనుకున్నారు. అది భయం కాదు. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రాగల స్థితి; దానికి ఓదార్పు గాని హెల్ప్‌లైన్ గాని చాలదు, ఆసుపత్రే.

ఇక ఏది మేలు? చాలామందికి, చాలా రోజులకు ఇల్లే మొదటి దారి. వినే మనిషి ఒక్కరున్నా, రోజుకు క్రమం ఉన్నా మామూలు భయం కొద్ది రోజుల్లో తనంతట తానే సర్దుకుంటుంది. భయం ఇంటివాళ్ల గురించే అయినా, ఇంట్లో కొట్లాటలున్నా, వినేవాళ్లు లేకపోయినా, చెప్పుకోవడానికి నోరు రాకపోయినా, నేరుగా 14416కు ఫోన్ చేయడమే మంచిదని నా నిశ్చితాభిప్రాయం. ఇంటి తర్వాతి మెట్టుగా దాన్ని చూడనక్కరలేదు, అలాంటివాళ్లకు అదే తొలి మెట్టు. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి తిరిగి రాకపోతే, చేసుకునే పని చేసుకోలేకపోతే, దడ రోజూ వస్తుంటే డాక్టరు దగ్గరకు వెళ్లడాన్ని వాయిదా వేయకూడదు. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చిందని ఎవరైనా అంటే మాత్రం ఈ వరసలన్నీ పక్కన పెట్టి, వాళ్లను ఒంటరిగా వదలకుండా, పురుగుమందు డబ్బాలు అందకుండా తీసేసి, అదే గంటలో 108కి ఫోన్ చేయాలి, లేదా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈ మూడు దారులూ అందనివాళ్లు కూడా ఉన్నారు. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండి, పల్లెలో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లకు చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేరు, ఫోన్‌లో నంబరు నొక్కడం రాదు, బస్సు లేని రోజుల్లో కడపకో కర్నూలుకో పోలేరు. "మనసు బాగలే" అని కూడా వాళ్లు అనరు. కాళ్లు లాగుతున్నాయనో, అన్నం దిగడం లేదనో అంటారు. ఆశా కార్యకర్త, సచివాలయం ఏఎన్ఎం జ్వరం చూడడానికి ఇంటింటికీ వెళ్లిన రోజుల్లో, ఆ ఇళ్ల గడప దగ్గర ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉంటే, రాత్రి నిద్ర ఎట్లా పడుతోంది అవ్వా, పగలు ఎవరన్నా వచ్చి మాట్లాడుతున్నారా అని, అవసరమైనవాళ్లు ఎవరో అక్కడే తెలిసిపోయేది. జ్వరం కొలిచే కాగితంలో ఈ రెండు ప్రశ్నలకూ చోటు కల్పించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.