హైదరాబాద్ నుంచి డాలస్‌కి అమ్మతో, రెండు దారుల్లో

చెల్లి పురుడు డాలస్‌లో. అమ్మకి 67 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు, విమానం ఎక్కడం అదే మొదటిసారి. "దోహా మీదుగా 23 గంటలు, అన్నిటికన్నా తక్కువ అదే" అన్నాడు ట్రావెల్ ఏజెంట్. తక్కువే కదా అని తీసేసుకున్నాను. ఆ గంటలు రెండు విమానాలకీ ఎలా పంచారో మాత్రం చూసుకోలేదు.

హైదరాబాద్, డాలస్ మధ్య విమాన దూరం దాదాపు 14,400 కిలోమీటర్లు. దోహా దాకా 2,900 కిలోమీటర్లు, నాలుగు గంటల పైచిలుకు. అక్కణ్ణుంచి 12,700 కిలోమీటర్లు, 16 గంటలు ఒకే సీట్లో.

దోహాలో పొద్దున్నే బయల్దేరిన విమానం పడమరకే పోతుంది కాబట్టి దారంతా పగలే. తొమ్మిదో గంటలో కింద గ్రీన్‌లాండ్ మంచు కనిపించింది. అమ్మని లేపి చూపించాను. కిటికీకి నుదురు ఆనించి కాసేపు చూసి, "బాగుంది నాన్నా, ఇంకా ఎన్ని గంటలు?" అంది. ఎదురుగా తెర మీద ఏడు గంటలని ఉంది. చెప్పడానికి నోరు రాలేదు. కాళ్లు చూస్తే చీలమండల చుట్టూ సాక్సు అంచు గాడిలా దిగబడింది. దిగేటప్పటికి చెప్పులు పట్టలేదు. వీల్‌చెయిర్‌లో ఒళ్లో చెప్పులు పెట్టుకునే ఇమ్మిగ్రేషన్ దాకా వచ్చింది.

వీల్‌చెయిర్‌కి డబ్బేమీ కట్టక్కర్లేదు, టికెట్‌తో పాటే అడగాలి. శాకాహార భోజనం కూడా ముందే రాయించుకోవాలి. రాయించాం కాబట్టి తిండికి ఇబ్బంది పడలేదు.

నెలన్నర తర్వాత తిరుగు ప్రయాణం లండన్ మీదుగా పెట్టుకున్నాం. డాలస్ నుంచి లండన్ 7,600 కిలోమీటర్లు, తొమ్మిది గంటలు. లండన్ నుంచి హైదరాబాద్ 7,750, పది గంటల లోపు. రెండు దారుల్లో మొత్తం దూరానికి తేడా రెండు మూడు వందల కిలోమీటర్లే. కానీ సరిగ్గా సగంలో నాలుగు గంటలు ఆగాం. అమ్మ మొహం కడుక్కుని, చెల్లి కట్టిచ్చిన పులిహోర తిని, మూడు కుర్చీల మీద కాళ్లు చాపుకుని గంట పడుకుంది. మళ్లీ సెక్యూరిటీ తనిఖీ, టెర్మినల్ మారడానికి బస్సు, ఇవి తప్పలేదు. ట్రాన్సిట్ వీసా నిబంధనలు కూడా ముందే చూసుకోవాలి. అయినా పెద్దవాళ్లతో వెళ్తే నేను ఈ దారే చెప్తాను. ఒంటరిగా, సీట్లోనే గంటల తరబడి నిద్రపోగలిగే వయసులో ఉంటే దోహా హాయి.

ఒక్క మాట, తూర్పుకి వచ్చేటప్పుడు వెనక గాలి తోడవుతుంది. డాలస్ నుంచి దోహాకి గంటకు పైగానే తగ్గుతుంది. అందుకని దోహా టికెట్టే దొరికితే, తిరుగు ప్రయాణానికి పెట్టుకోండి.

శంషాబాద్‌లో దిగేసరికి అమ్మ చెప్పులు కాళ్లకే ఉన్నాయి. వచ్చే ఏడు మనవడి పుట్టినరోజుకి లండన్ మీదుగానే తీయమంది, కిటికీ పక్కన వద్దు, నడవ పక్క సీటు కావాలట.