గాబాను తయారుచేసే ఎంజైమ్, విడగొట్టే ఎంజైమ్: ఫిట్స్ విషయంలో ఏది ఎలా?

మెదడు కణాలను గ్లుటమేట్ అనే రసాయనం ఎగదోస్తుంది, గాబా అనే రసాయనం శాంతింపజేస్తుంది. ఈ తూకం చెడితే ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది. తూకాన్ని నడిపే ఎంజైముల్లో ముఖ్యమైనవి రెండు: గాడ్ (GAD, గ్లుటమేట్ డీకార్బాక్సిలేజ్), గాబా ట్రాన్సమినేజ్.

గాడ్ పని తయారీ. గ్లుటమేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను తీసేస్తుంది, మిగిలేదే గాబా. ఎగదోసేదాని నుంచే ఆపేది పుట్టడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. అయితే విటమిన్ బి6 తోడు లేనిదే గాడ్ సరిగా పనిచేయదు. 1950ల మొదట్లో అమెరికాలో ఒక రకం డబ్బా పాలు తాగిన పసిపిల్లలకు ఫిట్స్ వచ్చాయి. తయారీలో వేడికి బి6 నశించిందట! విటమిన్ ఇచ్చాక తగ్గిపోయాయి. పాపం, అంత చిన్న లోటుకు ఎంత బాధ! టీబీ మందు ఐసోనియాజిడ్ మోతాదు మరీ మించినా ఫిట్స్ వస్తాయి, విరుగుడు బి6నే.

ట్రాన్సమినేజ్ పని దీనికి ఎదురు, గాబాను విడగొడుతుంది. దీనికీ బి6 కావాలి. కాకపోతే దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి లోటు వస్తే ముందు కుంటుపడేది గాడే.

మందులు కనిపెట్టేవాళ్లకు మాత్రం ట్రాన్సమినేజ్ దగ్గరే బాగా పట్టు దొరికింది. విగబాట్రిన్ అనే ఫిట్స్ మందు దానికి అతుక్కుని విడిచిపెట్టదు. కొత్త ఎంజైమ్ తయారయ్యేదాకా మెదడులో గాబా ఎక్కువగానే ఉంటుంది. పసిపిల్లల స్పాజమ్స్‌కు (ఒళ్లు ఉలిక్కిపడినట్టు బిగుసుకునే ఒక రకం ఫిట్స్), ముఖ్యంగా ట్యూబరస్ స్క్లెరోసిస్ (మెదడులోనూ ఇతర అవయవాల్లోనూ గడ్డలు వచ్చే జన్యు వ్యాధి) ఉన్నవారికి బాగా పనిచేస్తుంది. కానీ కంటికి పక్కలవి కనిపించడం శాశ్వతంగా తగ్గే ప్రమాదం ఉంది, కంటి పరీక్షలు మానకూడదు. బి6తో చూపుకు ఆ ప్రమాదం లేదు. కొందరు పసికందుల్లో ఫిట్స్ బి6తోనే తగ్గే రకం కావచ్చు కాబట్టి, మందులకు లొంగని ఫిట్స్ ఉన్న పసికందుకు డాక్టర్లు దగ్గరుండి గమనిస్తూ బి6 కూడా ఇచ్చి చూస్తారు.