కారుకి నాలుగు చుక్కలు, ధరకి రెండు

వాహన రుణాల ఫైళ్లు చూసే ఉద్యోగం నాది. కాబట్టి ఈ ఎలక్ట్రిక్ కారు గురించి బండి సంగతి ముందు చెప్పేసి, డబ్బు సంగతి కాస్త తీరిగ్గా చెబుతాను.

నడపడానికి హాయిగా ఉంది. చప్పుడు లేదు, కాలు ఆనించగానే కదులుతుంది. యాక్సిలరేటర్ వదిలితే దానంతటదే వేగం తగ్గి, ఆ శక్తి తిరిగి బ్యాటరీలోకి పోతుంది. అలవాటు పడితే బ్రేకుతో పెద్దగా పనుండదు. హైవే మీద వేగం పెంచితే మాత్రం కంపెనీ చెప్పిన రేంజ్ (ఒక్క ఛార్జికి వెళ్లే దూరం) రాదు. బ్యాటరీ కారు ఫ్లోర్ కిందే ఉండటంతో వెనక సీట్లో పొడుగువాళ్ల మోకాళ్లు పైకి లేస్తాయి.

ఇక ధర. షోరూమ్ కుర్రాడు మోటారు గురించి చెప్పింది తక్కువ, "నెలాఖరుకి సబ్సిడీ పోతుంది సార్" అన్నదే ఎక్కువ. చిరాకేసింది కానీ, అలా పోయిన దాఖలాలు ఉన్నాయి. 2023 నవంబరులో బడ్జెట్ మీద రాజ్యాంగ కోర్టు తీర్పు రావడంతో జర్మనీ ఆ డిసెంబరులో ఎలక్ట్రిక్ కార్ల సబ్సిడీని ఉన్నపళంగా ఆపేసింది. మరుసటి ఏడాది అక్కడ వాటి అమ్మకాలు పావు వంతుకు పైగా పడిపోయాయి. అమెరికాలో 7,500 డాలర్ల పన్ను రాయితీకి 2025 సెప్టెంబరు 30 ఆఖరి తేదీ అనగానే జనం ఎగబడి కొన్నారు. అక్టోబరులో అమ్మకాలు ఢమాల్.

నార్వే దారి వేరు. పెట్రోలు, డీజిల్ కార్ల మీద పన్ను బాది, ఎలక్ట్రిక్ కార్లను ఏళ్ల తరబడి దాదాపు పన్ను లేకుండా వదిలేశారు. 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్కే. (చమురు అమ్ముకుని బతికే దేశం మరి!) కారు ఎక్కడ తయారైందన్నదీ ధరలో పడుతుంది. చైనా ఎలక్ట్రిక్ కార్ల మీద 2024లో అమెరికా సుంకాన్ని 100 శాతం చేసింది. యూరోపియన్ యూనియన్ పాత 10 శాతానికి తోడు గరిష్ఠంగా 35.3 శాతం వేసింది.

నా వృత్తిలో గుబులు పుట్టించేది రీసేల్. 2023లో టెస్లా కొత్త కార్ల ధరలు పదేపదే తగ్గించింది. కొత్తది చవకైతే పాతదాన్ని ఎవరు కొంటారు? 2024 జనవరిలో అద్దె కార్ల సంస్థ హెర్ట్జ్ దాదాపు 20,000 ఎలక్ట్రిక్ కార్లను వదిలించుకుంటున్నట్టు ప్రకటించింది. బ్యాటరీల్లో వాడే లిథియం ధర దిగితే కొత్త కారు కొనేవాడికి పండగే, అప్పు తీరుస్తున్నవాడికి బాకీ కంటే బండి విలువ తక్కువైపోతుంది. వడ్డీ రేటు దెబ్బ కూడా వీటికే ఎక్కువ. డబ్బు ముందే పెట్టాలి, పెట్రోలు ఆదా ఏమో నెలనెలా కొంచెం కొంచెంగా వస్తుంది. వడ్డీ పెరిగితే ఆ ఆదా ఈఎంఐలోనే కలిసిపోతుంది.

రోజూ బాగా తిరిగి, ఇంట్లోనే ఛార్జ్ చేసుకుని, ఏడెనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లు నిశ్చింతగా కొనండి. రాయితీ లేకుండా ఎంత పడుతుందో కూడా ఒకసారి రాయించుకోండి, ఆ అంకెకి కూడా మీ మనసు ఒప్పుకోవాలి. మూడేళ్లకోసారి బండి మార్చేవాళ్లకైతే లీజు మేలు, పడిపోయే విలువ సంగతి లీజు కంపెనీ చూసుకుంటుంది. వెనక సీటు బాగుచేస్తే ఇంకో అర చుక్క ఇస్తాను.