లివర్ మార్పిడి తర్వాత నాతో నింపించిన ప్రశ్నాపత్రాలు: కాళ్ల గురించి అడిగారు, చేతుల గురించి అడగలేదు

నేను కుట్టుపని చేస్తాను. నా తమ్ముడు తన లివర్‌లో కుడి భాగం ఇస్తే నాకు మార్పిడి జరిగింది. నాలుగేళ్లు దాటింది. జబ్బుతో ఉన్నప్పటి నుంచి ఇప్పటిదాకా ‘జీవన నాణ్యత’ను కొలిచే ప్రశ్నాపత్రాలు నా చేత తొమ్మిదిసార్లు నింపించారు. ఆపరేషన్ గురించీ మందుల గురించీ రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ కాగితాలు నింపినవాళ్లు వాటి మంచిచెడ్డలు రాయడం మాత్రం నేను చూడలేదు. ఫాలోఅప్‌కి వెళ్లేవాళ్లకి ఇవి ఎప్పుడో ఒకప్పుడు తగులుతాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నా చేతికి ఎక్కువసార్లు వచ్చింది ఎస్‌ఎఫ్-36. పేరులోనే ఉంది, 36 ప్రశ్నలు. 1992లో జాన్ వేర్, క్యాథీ షెర్‌బోర్న్ అనే పరిశోధకులు దీన్ని ప్రచురించారు. లివర్ కోసమని చేసింది కాదు. గుండెజబ్బు ఉన్నవాళ్లకీ, మోకాళ్ల నొప్పుల వాళ్లకీ, అసలు ఏ జబ్బూ లేనివాళ్లకీ ఇదే కాగితం. అందువల్లే ఒకరి పరిస్థితిని ఇంకొకరితో పోల్చి చూడటం కుదురుతుంది. జవాబులను ఎనిమిది విభాగాలుగా సర్ది, ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా మార్కులు వేస్తారు. ఎన్ని ఎక్కువ వస్తే అంత మంచిది. నొప్పి విభాగంలో కూడా అంతే, మార్కులు ఎక్కువ వచ్చాయంటే నొప్పి తక్కువని. ఇది ముందే ఎవరూ చెప్పకపోవడంతో మొదటి రిపోర్టు చూసి నేను కంగారుపడ్డాను.

ముందు ఇందులో బాగున్నది చెబుతాను. ఒంట్లో సత్తువ ఎంత ఉందో ఇది బాగా పట్టుకుంటుంది. సామాను ఎత్తడం, మెట్లెక్కడం, వంగడం, మైలుకు మించి నడవడం, స్నానం చేసి బట్టలు వేసుకోవడం, ఇలా పది పనులు అడుగుతారు. ఒక్కోదానికి మూడే జవాబులు: చాలా ఇబ్బంది, కొంచెం ఇబ్బంది, ఇబ్బంది లేదు. ఆపరేషన్‌కి ముందు నాకు ఇందులో 20 వచ్చాయి. అప్పట్లో పొట్ట నిండా నీరు, కాళ్ల వాపు. ఒక్క అంతస్తు ఎక్కాలన్నా మధ్యలో కూలబడేదాన్ని. ఆపరేషన్ అయిన ఏడాదికి 85 వచ్చాయి. ఎవరైనా ఎలా ఉన్నావని అడిగితే రెండుసార్లూ నేను చెప్పిన జవాబు ‘బాగానే ఉన్నాను’ అనే. తేడా చూపించింది కాగితమే.

ఓపికకు సంబంధించిన విభాగం ఇంకా మేలు చేసింది. గత నాలుగు వారాల్లో ఎంతకాలం హుషారుగా ఉన్నారు, ఎంతకాలం అలసటగా అనిపించింది అని అడుగుతుంది. ఏడాది తర్వాత కూడా నాకు 45 దాటలేదు. ‘రిపోర్టులన్నీ నార్మలే కదా, ఇంకా ఈ నీరసమేంటి?’ అని ఇంట్లోవాళ్లు అనేవారు. లివర్ ఎలా ఉందో చెప్పే రక్తపరీక్షలు, బిలిరుబిన్ నార్మల్, ఎంజైములు నార్మల్. కానీ మధ్యాహ్నం రెండయ్యేసరికి మిషన్ మీదే తల వాల్చేసేదాన్ని. ఆ మార్కులు చూసి సిస్టర్ నాతో ఒక మాట చెప్పారు. మార్పిడి తర్వాత జీవితం ముందుకంటే చాలా మెరుగవుతుందనీ, శరీర శక్తి మాత్రం సగటున మామూలు జనం స్థాయికి రాదనీ, నీరసం చాలామందిలో ఏళ్ల తరబడి ఉండిపోతుందనీ పరిశోధనల్లో పదేపదే తేలిందట. నాది బద్ధకం కాదని ఒకరు అంకె చూపించి చెప్పడం అదే మొదటిసారి. ఇంటికొచ్చి ఆ కాగితాన్ని అందరికీ చూపించాను. ఈ ఒక్క మేలుకే ఎస్‌ఎఫ్-36 అంటే నాకు గౌరవం.

1963లో థామస్ స్టార్జ్‌ల్ అనే అమెరికా సర్జన్ మొదటి లివర్ మార్పిడి చేసిన రోజుల్లో రోగి ప్రాణంతో బయటపడితే చాలనుకునేవారు. ఏడాది దాటి బతికిన రోగిని చూడటానికే 1967లో చేసిన ఆపరేషన్ దాకా పట్టింది. అలాంటిది ఇప్పుడు ‘హుషారుగా ఉంటున్నారా?’ అని అడిగే దాకా వచ్చారు. చిన్న సంగతేమీ కాదు.

ఇక లోటు. కొత్త లివర్‌ని శరీరం తిప్పికొట్టకుండా (దీన్నే రిజెక్షన్ అంటారు) మేం వేసుకునే మందు టాక్రోలిమస్. అది వాడేవాళ్లలో చాలామందికి చేతుల వణుకు అనుభవమే. మొదటి ఆరు నెలలు నేను సూదిలో దారం ఎక్కించలేకపోయాను. దారం కొసను నున్నగా కత్తిరించి, మోచేతులు రెండూ బల్లకి ఆనించి, ఊపిరి బిగబట్టి బెజ్జం దగ్గరికి తెచ్చేదాన్ని. సరిగ్గా చివరి క్షణంలో కొస పక్కకి జరిగిపోయేది. ఇరవై ఏళ్లు కబుర్లు చెబుతూ, సూది వైపు చూడకుండా ఎక్కించిన చెయ్యి అది. మిషన్ కుట్లు ఎలాగో నెట్టుకొచ్చాను కానీ చేత్తో కాజాలు కుట్టడం మానేశాను.

ఎస్‌ఎఫ్-36లో వేళ్లతో చేసే పని గురించి ఒక్క ప్రశ్న లేదు. మెట్లెక్కగలను, వంగగలను, నడవగలను, కాబట్టి 85 వేసింది. పని గురించి విడిగా నాలుగు ప్రశ్నలున్నాయి, నాకిచ్చిన ప్రతిలో వాటికి అవును, కాదు అనే జవాబులే. ‘కొన్ని రకాల పనులు చేయలేకపోయారా?’ అన్నదానికి అవును పెట్టాను, మిగతా మూడింటికి కాదు. 75 వచ్చాయి. పోయిన ఆ 25 మార్కుల్లోనే నా కాజాలన్నీ ఉన్నాయి. రిపోర్టు చదివేవాళ్లకి అది ఎలా తెలుస్తుంది?

నిద్ర ఊసు లేదు, మరపు ఊసు లేదు. జబ్బు ముదిరినప్పుడు నేను రెండుసార్లు మతి తప్పి, ఇంట్లోవాళ్లని గుర్తుపట్టలేదు. ఇప్పటికీ తెలిసినవాళ్ల పేరు చటుక్కున నోటికి రాకపోతే గుండె ఝల్లుమంటుంది. ఆ భయాన్ని రాయడానికి ఇందులో చోటు లేదు. పైగా ‘మిగతావాళ్లకంటే నాకు కాస్త సులువుగా జబ్బు చేస్తుంది’ అనే వాక్యం ఇచ్చి, నిజమో కాదో చెప్పమంటారు. కొత్త లివర్‌ని శరీరం తిప్పికొట్టకుండా మా రోగనిరోధక శక్తిని మందులతో తగ్గించి ఉంచారు, నిజమేనని చెప్పక తప్పదు. అలా చెప్పినందుకు సాధారణ ఆరోగ్యం మార్కులు తగ్గుతాయి. ఇది మాలాంటివాళ్లకి న్యాయం కాదనిపిస్తుంది.

ఇంకో సంగతి. మూడో ఏడాది నా ఓపిక మార్కులు 60కి పెరిగాయి. పనిగంటలు అవే, మధ్యాహ్నం కునుకు అదే. మారింది నా లెక్క. ఆసుపత్రి మంచం మీద గడిపిన రోజులు తలుచుకుంటే ఇప్పుడు ఏ రోజైనా మంచిరోజే. దీన్ని రెస్పాన్స్ షిఫ్ట్ అంటారట. ప్రశ్నాపత్రం తప్పని నేననను, కానీ అంకె పెరిగినంత మాత్రాన బలం పెరిగిందని అనుకోకండి.

నాకిచ్చిన ఇంకో ప్రశ్నాపత్రం ఈక్యూ-5డీ చాలా చిన్నది. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, దిగులు, ఇవే ఐదు ప్రశ్నలు. ఆ తర్వాత 0 నుంచి 100 దాకా నిలువు గీత ఒకటి ఉంటుంది. రెండు నిమిషాల్లో అయిపోతుంది, నీరసంగా ఉన్నవాళ్లకి ఇదే నయం. కాకపోతే ఇది ‘ఈ రోజు’ ఎలా ఉన్నారని అడుగుతుంది. మాకు ఆ రోజంటే రక్తపరీక్ష రోజు. ఎంజైములు పెరిగాయేమో, రిజెక్షన్ మొదలైందేమోనని టెన్షన్‌తో 60 దగ్గర గుర్తు పెట్టాను. సాయంత్రం రిపోర్టు బాగుందని ఫోన్ వచ్చాక అదే కాగితం ఇచ్చి ఉంటే 80 పెట్టేదాన్ని.

మార్పిడికి ముందు సీఎల్‌డీక్యూ అని 29 ప్రశ్నలది కూడా ఇచ్చారు. లివర్ జబ్బు వాళ్ల కోసమే చేసింది, దురద, కండరాలు పట్టేయడం లాంటివన్నీ అడుగుతుంది. లివర్ దొరుకుతుందో లేదోనన్న చింత కూడా అందులో ఉంది. మార్పిడి అయిపోయాక మాత్రం అది మనకి నప్పదు.

నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించింది పీఎల్‌టీక్యూ. 2011లో వచ్చింది, మార్పిడి జరిగినవాళ్ల కోసమే చేసిన 32 ప్రశ్నలు. మందులతో ఇబ్బందులు, రిజెక్షన్ భయం, డబ్బు చింత, ఇవన్నీ విడివిడి విభాగాలుగా ఉన్నాయి. చదువుతుంటే మాలాంటివాళ్లతో కూర్చుని మాట్లాడి రాశారనిపించింది. మీ ఆసుపత్రిలో ఎస్‌ఎఫ్-36 ఒక్కటే ఇస్తుంటే దీని గురించి అడిగి చూడండి. మార్కులు వేయమంటే దీనికి ఐదుకి నాలుగున్నర, ఎస్‌ఎఫ్-36కి మూడున్నర, ఈక్యూ-5డీకి మూడు.

కాగితం ఎంత మంచిదైనా ఇచ్చే పద్ధతి బాగుండాలి. మార్పిడి తర్వాత మొదటిసారి నింపించిన చోట రక్తం తీసే గది బయట, పరగడుపున, నిలబెట్టి రాయించారు. ఉదయం టాక్రోలిమస్ ఇంకా వేసుకోలేదు, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. వెనక ఉన్నవాళ్లు తోస్తున్నారు. ఆఖరి పది ప్రశ్నలకి చదవకుండానే టిక్కులు పెట్టాను. ఆ జవాబులు ఏ లెక్కలో చేరాయో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పోయినసారి అలా కాదు. సిస్టర్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నింపడం అయ్యాక కాగితం తిప్పి, తెల్లగా ఉన్న వెనక వైపు చూపించి, ‘అక్కా, ఇందులో అడగనిది ఏమైనా ఉందా?’ అన్నారు. నాలుగేళ్లలో అలా అడిగింది ఆవిడ ఒక్కరే. నేను మూడు మాటలు రాశాను: చేతులు, నిద్ర, తమ్ముడు.

మొదటిదానికి డాక్టర్ రక్తంలో మందు స్థాయి చూసి డోసు కాస్త సర్దారు. సొంతంగా మాత్రం ఎప్పుడూ తగ్గించుకోవద్దని గట్టిగా చెప్పారు. వణుకు పూర్తిగా పోలేదు కానీ దారం ఇప్పుడు సులువుగా ఎక్కుతోంది. నిద్ర గురించి రోజూ ఒక నోటుబుక్కులో రాసుకోమన్నారు, రాస్తున్నాను. మూడోదాని గురించి సిస్టర్ ఏమీ అనకుండా, తర్వాతిసారి తమ్ముణ్ణి కూడా తీసుకురమ్మన్నారు.

వాడు వచ్చాడు. వాడికీ ఎస్‌ఎఫ్-36 ఇచ్చారు, ఇన్నేళ్లలో వాణ్ణి ఎలా ఉన్నావని కాగితం మీద అడగడం అదే మొదలు. నా పక్కనే కూర్చుని నింపాడు. నొప్పి గురించిన ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. నా వైపు ఒకసారి చూసి, అట్టను అటు తిప్పుకుని టిక్కు పెట్టాడు. ఏం పెట్టావని నేను అడగలేదు.