చుక్కల టెస్ట్ కిట్‌తో రెండున్నరేళ్లు: కొత్త అక్వేరియం నీటి పరీక్షలో నా అనుభవం

80 లీటర్ల మంచినీటి అక్వేరియం పెట్టుకున్న రెండో వారంలో కొన్న చుక్కల టెస్ట్ కిట్‌ను ఇప్పటికి రెండున్నరేళ్లుగా వాడుతున్నాను. పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్‌లకు విడివిడిగా ద్రావణాలు, నాలుగు గాజు నాళికలు, ఒక రంగుల కార్డు అందులో ఉన్నాయి. నాళికలో 5 మిల్లీలీటర్ల నీరు పోసి, చెప్పినన్ని చుక్కలు వేసి, బాగా ఊపి, 5 నిమిషాలు ఆగి, తేలిన రంగును కార్డుతో పోల్చి చూడాలి. మొదటి వారం మాత్రం కాగితపు స్ట్రిప్పులతో గడిపాను. అవి నిమిషంలో ఫలితం చెబుతాయి కానీ, కొత్త అక్వేరియానికి అన్నిటికంటే ముఖ్యమైన అమ్మోనియా పరీక్షే నేను కొన్న డబ్బాలో లేదు. పైగా ఒక రాత్రి మూత సరిగా పెట్టకపోవడంతో తేమ తగిలి మిగిలిన స్ట్రిప్పులన్నీ పాడయ్యాయి.

చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపూరితమైన అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాను చేపలు వేయకముందే ఫిల్టర్‌లో పెంచాలనుకుని, దానికి ఆహారంగా అమ్మోనియా ద్రావణాన్ని 2 పీపీఎం (పది లక్షల భాగాల్లో రెండు భాగాలు) వచ్చేంతవరకు కలిపి, రోజూ సాయంత్రం పరీక్షించి నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఈ కిట్ నిజమైన విలువ నాకు తెలిసింది ఆ పుస్తకం వల్లనే. తొమ్మిదో రోజు నైట్రైట్ నాళికలో నీలం పోయి ఊదా ఛాయ కనిపించినప్పుడు, అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడుతోందని అర్థమైంది. మూడో వారానికి నైట్రైట్ కార్డులోని చివరి గడి అయిన 5 పీపీఎంను కూడా దాటిపోయింది. ఒక వంతు అక్వేరియం నీటికి నాలుగు వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను 5తో గుణిస్తే 10 పీపీఎం తేలింది. రంగు ముదురుగా ఉందని మాత్రమే తెలియడానికీ, ఎంత దాటిందో తెలియడానికీ చాలా తేడా ఉంది. అయినా పలుచన చేసే ఈ ఉపాయాన్ని కిట్‌తో వచ్చిన కాగితంలో ఎక్కడా రాయలేదు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ ఒక రోజులోపే సున్నాకు దిగే స్థితికి నా అక్వేరియం ఆరో వారంలో చేరింది.

ఆ మధ్యలో ఒక వారం పాటు అంకెలు కదలలేదు. కిట్ పాడైందనే అనుకున్నాను. అమ్మోనియా తగ్గడం లేదు, పీహెచ్ మాత్రం రోజూ 6.0 అని వస్తోంది. సాధారణ పీహెచ్ ద్రావణం కొలవగలిగిన కనిష్ఠ విలువే 6.0 కాబట్టి, నీరు అంతకంటే ఆమ్లంగా మారినా అదే పసుపు రంగు కనిపిస్తుందన్న సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. అమ్మోనియాను మార్చే క్రమంలో బ్యాక్టీరియా నీటిలోని క్షారతను, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే గుణాన్ని, ఖర్చు చేస్తుంది. క్షారత అయిపోతే పీహెచ్ పడిపోతుంది, పీహెచ్ పడిపోతే బ్యాక్టీరియా పని మందగిస్తుంది. సగం నీరు మార్చి, కొద్దిగా వంటసోడా కలిపిన తరువాత రెండు రోజుల్లో అంకెలు మళ్లీ కదిలాయి. క్షారత పరీక్ష ఈ కిట్‌లో లేకపోవడం నా దృష్టిలో దీని పెద్ద లోపం. ఆ సీసాను నేను విడిగా కొనుక్కోవలసి వచ్చింది.

రెండో ఫిర్యాదు అమ్మోనియా కార్డుపై. 0కు పసుపు, 0.25కు కాస్త పచ్చదనం కలిసిన పసుపు. రాత్రి బల్బు వెలుతురులో ఈ రెండిటినీ వేరు చేయడం నాకు ఎన్నడూ సాధ్యపడలేదు. చివరికి డిస్టిల్డ్ వాటర్‌తో ఒక నాళిక, అక్వేరియం నీటితో మరొక నాళిక సిద్ధం చేసి, తెల్ల కాగితం ముందు పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూడడం అలవాటు చేసుకున్నాను. కుళాయి నీటిని కూడా ఒకసారి పరీక్షించి ఉంచుకోవడం మంచిది. శుద్ధికి క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసి ఏర్పడే పదార్థం) వాడిన నీటిలో అమ్మోనియా ముందే కనిపించవచ్చు, అప్పుడు తప్పు ఫిల్టర్‌ది కాదు.

అమ్మోనియా అంకెను ఒంటరిగా చదవకూడదన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్న మరో విషయం. ఈ పరీక్ష విషపూరితమైన అమ్మోనియానూ, అంత హాని చేయని అమ్మోనియం రూపాన్నీ కలిపి కొలుస్తుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ 7 అయితే విషరూపం మొత్తంలో ఒక శాతం కంటే తక్కువ. పీహెచ్ 8 అయితే అది దాదాపు 5 శాతానికి చేరుతుంది. అందువల్ల 0.5 అనే అంకె ఒక అక్వేరియంలో గమనించవలసిన విషయం మాత్రమే, మరొకదానిలో వెంటనే నీరు మార్చవలసిన హెచ్చరిక.

నైట్రేట్ పరీక్ష అన్నిటిలోకి చికాకైనది. దాని రెండో సీసాలోని పదార్థం అడుగున పేరుకుపోతుంది. సూచనల ప్రకారం 30 సెకన్లు గట్టిగా ఊపకపోతే అసలు ఫలితం కంటే తక్కువ వస్తుంది. బద్ధకించి నాలుగుసార్లు ఊపి వదిలేసిన రోజున 5 పీపీఎం, మర్నాడు పద్ధతిగా చేస్తే 40 వచ్చింది. ఈ పరీక్ష నైట్రేట్‌ను నైట్రైట్‌గా మార్చి కొలుస్తుంది కాబట్టి, నీటిలో నైట్రైట్ ఉన్నన్నాళ్లూ వచ్చే అంకె ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. మొదటి నెలలో దాన్ని నమ్మవలసిన పని లేదు. నాళిక మూతి వేలితో మూసి ఊపకూడదు, పరీక్షించిన నీటిని తిరిగి అక్వేరియంలో పోయనే కూడదు.

మొదటి ఆరు వారాల్లో రోజూ చేతిలో ఉన్న ఈ కిట్‌ను ఇప్పుడు నెలకు రెండుసార్లు తీస్తున్నాను, అదీ ఎక్కువగా నైట్రేట్ కోసమే. ఆ సీసాలు రెండుసార్లు అయిపోయాయి. నైట్రైట్ సీసా సగం నిండుగా ఉండగానే గడువు దాటింది. వాడుక తగ్గింది కదా అని దాన్ని మార్చకుండా వదిలేద్దామనుకున్నాను కానీ, గత ఏడాది ఫిల్టర్ మోటారు ఒక రాత్రంతా ఆగిపోయి, తెల్లవారి చేపలు నీటిపైకి వచ్చి ఊపిరి తీసుకుంటున్నప్పుడు, అమ్మోనియా 0.5, నైట్రైట్ 0.25 అని పది నిమిషాల్లో తేల్చి చెప్పింది ఆ సీసాలే. కొత్తగా కొనేవారు విడి సీసాలు దొరికే కిట్‌నే ఎంచుకుని, ప్రతి సీసాపై తెరిచిన తేదీ రాసి పెట్టుకోవాలని నా సలహా.