స్నాప్‌క్యాస్ట్: ఒక సెకను ఆగితే ఇల్లంతా ఒకే తాళం

ముందే చెప్పేస్తాను, ఇంట్లో అన్ని గదుల స్పీకర్లలో ఒకే పాటను ఒకేసారి మోగించే స్నాప్‌క్యాస్ట్ నాకు చాలా నచ్చింది. కానీ దీన్ని వేసుకున్న రోజే "పాజ్ నొక్కితే సెకను తర్వాత ఆగుతోందేంటి, వేస్ట్" అని తీసేసినవాళ్లు నాకు తెలుసు. ఆ సెకను లోపం కాదు, కావాలని పెట్టిందే. అది ఎందుకుందో తెలిస్తే ఈ సాఫ్ట్‌వేర్ మీకు పనికొస్తుందో లేదో ఐదు నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు.

ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. దీనంతట ఇది పాటలు పాడే ప్లేయర్ కాదు. ఎంపీడీ, మోపిడీ లాంటి ప్లేయర్ ఏదో ఒకటి మీ దగ్గర ఉండాలి, దాని శబ్దాన్ని స్నాప్‌సర్వర్ అనే భాగం తీసుకుని, ఇంట్లో గదిగదిలో వాయించే స్నాప్‌క్లయింట్లన్నిటికీ పంచుతుంది. క్లయింటుగా రాస్ప్‌బెరీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టుకోవచ్చు, మూలన పడేసిన ఆండ్రాయిడ్ ఫోన్ పెట్టుకోవచ్చు, చివరికి బ్రౌజర్ కూడా సరిపోతుంది. మా ఇంట్లో హాల్లో పాత లాప్‌టాప్ సర్వరు, వంటగదిలో, పడగ్గదిలో చెరొక రాస్ప్‌బెరీ పై, డాబా మీద బ్లూటూత్ స్పీకర్.

అసలు కష్టం ఎక్కడంటే, రెండు గదుల్లో ఒకే పాట పెట్టడం ఎవరికైనా వస్తుంది, రెండూ ఒకే క్షణంలో పలకడమే రాదు. శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది, అంటే 10 మిల్లీసెకన్లకు మూడున్నర మీటర్లు. తేడా చిన్నదైతే మన చెవి రెండు శబ్దాల్నీ కలిపి ఒకటిగానే వింటుంది, 50 మిల్లీసెకన్లు దాటిందంటే మాత్రం మృదంగం ప్రతి దెబ్బా రెండుసార్లు పడ్డట్టు ఉంటుంది. జాతరప్పుడు వీధి పొడవునా కట్టిన మైకుల్లో మాట రెండేసి సార్లు వినిపించేది కూడా ఇందుకే, దూరపు మైకు మాట మన దగ్గరికి చేరేసరికి ఆలస్యమవుతుంది.

పైగా ఒకసారి కలిపి వదిలేస్తే కలిసే ఉంటాయా అంటే, ఉండవు. ప్రతి పరికరంలో ఉండే క్రిస్టల్ గడియారం కొద్దిగా ముందుకో వెనక్కో నడుస్తుంది. పది లక్షలకు 50 వంతుల తేడా అంటే వినడానికి ఏమీ లేనట్టుంటుంది గానీ, అది నిమిషానికి 3 మిల్లీసెకన్లు, గంటకు 180. అంటే పొద్దున ఏడింటికి కలిసి మొదలైన రెండు స్పీకర్లు ఎనిమిదింటికి ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉంటాయి.

స్నాప్‌క్యాస్ట్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది. సర్వర్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి ప్రతి ముక్కకూ టైమ్ వేసి పంపుతుంది. క్లయింట్లు సర్వర్ టైముతో తమ టైమును ఎప్పటికప్పుడు సరిచూసుకుంటూ, ఆ ముక్కను దాచిపెట్టుకుని, సరిగ్గా దాని వేళకే వాయిస్తాయి. కాస్త ముందుకో వెనక్కో జరిగాయనుకోండి, ఒక్కో శాంపిల్‌ను (డిజిటల్ శబ్దంలో అతి చిన్న తునకను) తీసేయడమో, ఉన్నదాన్నే రెండోసారి వాయించడమో చేసి దారిలోకి వస్తాయి. 48 కిలోహెర్ట్జ్‌లో ఒక శాంపిల్ అంటే 0.02 మిల్లీసెకన్లు, చెవికి అస్సలు తెలియదు. మామూలుగా తేడా 0.2 మిల్లీసెకన్ల లోపే ఉంటుందని దీన్ని తయారుచేసినవాళ్లు చెప్తారు. నేను అంత సన్నగా కొలవలేదు గానీ, హాలుకీ వంటగదికీ మధ్య గుమ్మంలో నిలబడి వింటే రెండు వైపుల నుంచీ ఒకే పాట వస్తుంది, అంతే. ఆ గుమ్మంలో నిలబడి వినడం కోసమైనా ఒకసారి పెట్టి చూడండి.

ఇప్పుడు ఆ సెకను సంగతి. బఫర్, అంటే వాయించే ముందు శబ్దాన్ని దాచి ఉంచే సమయం, డిఫాల్టుగా 1000 మిల్లీసెకన్లు. అంటే సర్వరుకు చేరిన శబ్దం సెకను తర్వాతే అన్ని గదుల్లోనూ ఒకేసారి మోగుతుంది. శబ్దం వెళ్లేది టీసీపీ (దారిలో పోయిన డేటాను మళ్లీ పంపించే పద్ధతి) మీద కాబట్టి వైఫైలో పోయిన ప్యాకెట్ మళ్లీ వస్తుంది, కాకపోతే ఆలస్యంగా వస్తుంది, ఆ ఆలస్యాన్ని ఓర్చుకోవడానికే ఈ సెకను. కొంతమంది కాన్ఫిగ్ ఫైల్ తెరిచి దీన్ని 300కో 200కో దించేసి, పాట తెగిపోతోందని సాఫ్ట్‌వేర్‌ని తిడతారు. పాట వినడానికి మీకు కావలసింది తక్కువ ఆలస్యం కాదు, అన్ని గదుల్లో ఒకే ఆలస్యం. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే సగం గొడవలు. అందరికీ సెకను ఆలస్యమైతే ఎవరికీ ఆలస్యమైనట్టు ఉండదు.

నేనైతే తగ్గించకపోగా 1500కి పెంచాను. మా వంటగదిలో మైక్రోవేవ్ ఆన్ చేసినప్పుడల్లా అక్కడి రాస్ప్‌బెరీ పైలో పాట తెగేది, ఎందుకంటే ఓవెనూ, ఆ వైఫై బ్యాండూ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే. పెంచాక చాలావరకు తగ్గింది. దాంతోపాటు రాస్ప్‌బెరీ పైలో వైఫై పవర్ సేవింగ్ ఆపేయండి, సర్వరును మాత్రం తప్పకుండా లాన్ కేబుల్‌కే తగిలించండి. సర్వర్ ఒక్కో క్లయింటుకు విడివిడిగా శబ్దం పంపుతుంది, దానిదే వైఫై అయితే గదులు పెరిగేకొద్దీ బరువంతా ఒక్క చోటే పడుతుంది. కోడెక్‌ను నాణ్యత పోకుండా శబ్దాన్ని కుదించే ఫ్లాక్‌లోనే వదిలేయండి, అసలు కుదించని పీసీఎం పెడితే ఒక్కో క్లయింటుకు సెకనుకు 1536 కిలోబిట్లు పోతాయి, నాణ్యతలో మీకొచ్చే లాభం ఏమీ లేదు.

బ్లూటూత్ స్పీకర్ విషయం వేరు. డేటా సరైన వేళకే పంపినా, స్పీకర్ తన లోపల ఇంకొంత దాచుకుని ఆలస్యంగా మోగుతుంది, ఆ సంగతి స్నాప్‌క్యాస్ట్‌కు తెలియదు. దానికోసం ప్రతి క్లయింటుకూ లేటెన్సీ అని ఒక సెట్టింగ్ ఇచ్చారు. మెట్రోనోమ్ టిక్కుల ఫైలొకటి పెట్టి, డాబా స్పీకర్‌ను కిందికి తెచ్చి హాలు స్పీకర్ పక్కనే ఉంచి, రెంటినీ కలిపి ఫోన్‌లో రికార్డ్ చేసి, ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిచాను. ప్రతి టిక్కూ రెండు గీతలుగా కనబడింది, మధ్య దూరం సుమారు 180 మిల్లీసెకన్లు. యాప్‌లో ఆ క్లయింటుకు 180 ఇచ్చి మళ్లీ రికార్డ్ చేస్తే రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. అయితే ఈ 180 ఊరికే రాదు, అది బఫర్‌లో నుంచే తగ్గుతుంది. బఫర్ 1000 ఉంటే ఆ స్పీకర్‌కు మిగిలేది 820 మాత్రమే, కాబట్టి బ్లూటూత్ పెట్టేవాళ్లు బఫర్‌ను అసలు తగ్గించకూడదు. ఇంకో చికాకు, బ్లూటూత్ తెగి మళ్లీ కలిసినప్పుడు ఆ అంకె ఒక్కోసారి మారిపోతుంది. వైరుతో పోయేచోట వైరే వేసుకోండి, టెన్షన్ ఉండదు.

టీవీకి మాత్రం ఇది వద్దు. పెదవి కదిలాక మాట ఆలస్యంగా వస్తే దాదాపు 125 మిల్లీసెకన్ల దగ్గర మనిషికి తేడా తెలుస్తుందని ఐటీయూ (అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం) ప్రమాణం చెబుతోంది, ఇక్కడ మనం సెకను గురించి మాట్లాడుతున్నాం. సినిమా అదే కంప్యూటర్లో వీఎల్‌సీలో ఆడిస్తుంటే శబ్దాన్ని సెకను ముందుకు జరుపుకుని చూడొచ్చు, నేను అలా చూశాను, బాగానే ఉంది. మైకు పట్టుకుని పాడదామనుకుంటే మాత్రం దీని జోలికి వెళ్లకండి, మీ గొంతే సెకను తర్వాత మీకు వినిపిస్తే పల్లవి కూడా పూర్తి చేయలేరు.

నాకున్న ఫిర్యాదు ఒక్కటే. డాక్యుమెంట్లు లైనక్స్ వచ్చినవాళ్ల కోసం రాసినట్టున్నాయి. పైప్ (లైనక్స్‌లో ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి డేటా అందించే దారి) అంటే ఏంటో తెలియని మనిషికి మొదటి సాయంత్రమంతా ఎంపీడీ శబ్దాన్ని సర్వరుకు చేర్చడానికే సరిపోతుంది. ఒకసారి కుదిరాక మాత్రం మళ్లీ ముట్టుకోవాల్సిన పనిలేదు. మా దగ్గర కరెంటు పోయి వచ్చినప్పుడు వంటగదిలోని రాస్ప్‌బెరీ పై ముందు లేస్తుంది, రౌటర్ ఆ తర్వాతెప్పుడో లేస్తుంది, అయినా క్లయింట్ తనంతట తనే సర్వరును వెతుక్కుని, టైము సరిచూసుకుని, పాటలో అందరూ ఉన్నచోటికే వచ్చి కలుస్తుంది.